పక్షి ఋణము

మాఘమాసము పుణ్యస్నానముల మాసము. ఉత్తరాయణము ప్రవేశించి దినములు గడచినను, రథసప్తమి వచ్చి పోయినను, కొన్ని సంవత్సరములలో చలి తగ్గినట్లే తగ్గి మరల విజృంభించును. శివరాత్రితో చలి శివ శివా యనుచు వెడలిపోవునని పెద్దలందురు. వెడలిపోవుటకు ముందు వచ్చు ఈ కడపటి చలి ఆదిలాబాదు ప్రాంతమునందును, అరకు, లంబసింగి కొండలయందును తీవ్రముగా నుండును. మానవుడు కంబళి కప్పుకొని, కుంపటి చెంత కూర్చుండి దానిని గడపును. పెరటి కొమ్మపై నున్న పిచ్చుకకు కంబళి యేది? ఈకలను ఉబ్బించుకొని, ముక్కును రెక్కలలో దాచుకొని, తెల్లవారుటకై వేచియుండుటయే దానికి తెలిసిన ఉపాయము.

అట్టి ఉదయమున పిడికెడు గింజలు చల్లుట జాలిగుండె గలవారి వినోదమా, లేక గృహస్థునకు విధింపబడిన ధర్మమా? ఈ ప్రశ్నకు మన గ్రంథములు స్పష్టమైన సమాధానము నిచ్చుచున్నవి.

భూతయజ్ఞము

ప్రతి గృహమునందును ఐదు హింసాస్థానములు కలవని మనుస్మృతి తృతీయాధ్యాయమున చెప్పబడినది. అవి పొయ్యి, తిరుగలి, చీపురు, రోలు, నీటికుండ. ఎంత సాత్త్వికుడైనను వీనిని వాడక జీవింపజాలడు. వాడినచో తెలియకయే చిన్న ప్రాణులకు హాని కలుగును. ఆ దోషము పోవుటకై బ్రహ్మయజ్ఞము, దేవయజ్ఞము, పితృయజ్ఞము, భూతయజ్ఞము, మనుష్యయజ్ఞము అను పంచమహాయజ్ఞములు విధింపబడినవి. ఇందు నాలుగవది ప్రాణికోటికి అన్నము పెట్టుట. కావున ఇది పుణ్యము కొరకు అదనముగా చేయు దానము కాదు. మన ఇల్లు నిలుచుటకై ఇతర ప్రాణులు చెల్లించుచున్న మూల్యమునకు ప్రతిగా మనము చెల్లింపవలసినది.

ఆ ప్రకరణముననే మరియొక సూక్ష్మమున్నది. కాకులకును, శునకములకును, క్రిములకును, ఎవరి ఆదరణయు లేని దీనులకును పెట్టు అన్నమును మెల్లగా నేలపై ఉంచవలెనని స్మృతి చెప్పినది. విసరివేయుట కాదు, ఉంచుట. తినువాడు అల్పుడని పెట్టువాని చేయి అలక్ష్యము చేయరాదని తాత్పర్యము.

శ్రీవైష్ణవ సిద్ధాంతమున ఈ విధికి మరింత లోతైన అర్థము కలదు. బృహదారణ్యకోపనిషత్తులోని అంతర్యామి బ్రాహ్మణము సర్వభూతములును పరమాత్మకు శరీరమని బోధించుచున్నది. శ్రీభాష్యకారులైన భగవద్రామానుజులు ఈ శరీర శరీరి భావమునే తమ దర్శనమునకు మూలాధారముగా గైకొనిరి. పెరటిలో వాలిన పిట్టయు ఆ శరీరములోనిదే. దానికి వేసిన గింజ భగవత్కైంకర్యమున చేరును. దానిపై రువ్విన రాయియు అచ్చటికే చేరును.

మూడు గ్రంథములు, మూడు పక్షులు

మన జాతి తలపై పెట్టుకొని పూజించు గ్రంథములు మూడు: రామాయణము, భారతము, భాగవతము. ఈ మూడును పక్షులకు ఋణపడియున్నవి.

తమసానదీ తీరమున క్రౌంచమిథునములో ఒకదానిని బోయవాడు కొట్టగా, రెండవది పడిన వేదన వాల్మీకి హృదయమును కదలించినది. ఆ శోకమే శ్లోకమై రామాయణమునకు ద్వారము తెరచినది. భారతమున, తల్లి మేనక విడచిపోయిన పసికందును అడవిలో క్రూరమృగముల బారిన పడకుండ పక్షులు చుట్టునుజేరి కాచినవి. శకుంతములు, అనగా పక్షులు, రక్షించినందుననే కణ్వమహర్షి ఆ బిడ్డకు శకుంతల యని పేరు పెట్టెను. ఆమె కుమారుడు భరతుడు. ఆ వంశకథయే భారతము. ఇక భాగవతము పరీక్షిత్తునకు వినిపించిన మహానుభావుని పేరే శుకుడు, శుకమనగా చిలుక.

సంస్కృతమున పక్షికి ద్విజమని పేరు. తల్లి గర్భమునుండి గ్రుడ్డుగా ఒకమారు, గ్రుడ్డునుండి పిల్లగా ఒకమారు, రెండు జన్మలు కలది గావున ఆ పేరు వచ్చినది. ఉపనయన సంస్కారము పొందినవానికిని అదే పేరు. ఒకే పేరు గలవారు ఒకరి నొకరు ఆదరింపవలదా?

వైష్ణవులకు మరియొక విశేష బంధము కలదు. సీతాదేవికై రెక్కలు కోల్పోయిన జటాయువునకు శ్రీరాముడు స్వహస్తములతో అగ్నిసంస్కారము చేసి జలతర్పణ మిచ్చెను. కాంచీపుర సమీపమున, దివ్యదేశములలో ఒకటియైన తిరుప్పుట్కుళి యందలి విజయరాఘవస్వామి సన్నిధి ఆ కథతోనే ముడిపడియున్నది. తెలుగునాట లేపాక్షి పేరునకు గూడ ప్రజలు జటాయువు కథనే చెప్పుకొందురు.

చలిలో వచ్చిన అతిథి

చలిని, పక్షిని, అన్నమును ఒకచోట చేర్చి చెప్పిన ఉపాఖ్యానము శాంతిపర్వమున నున్నది. శరణాగతుని రక్షించుటవలన కలుగు ఫలమేమని యుధిష్ఠిరుడు అడుగగా భీష్ముడు దీనిని చెప్పెను.

ఒక బోయవాడు అడవిలో గాలివానకు చిక్కెను. చలికి కొయ్యబారి నేలపై పడియున్న ఆడుపావురము నొకదానిని చూచి, తానును చలితో వణకుచుండియు, దానిని పంజరమున వేసికొనెను. రాత్రికి ఒక మహావృక్షము క్రింద చేరి, ఆ చెట్టునందలి దేవతలను శరణు వేడి పరుండెను. ఆ చెట్టుపైననే మగపావురము భార్య రాలేదని విలపించుచుండెను. పంజరమునుండి ఆడుపావురము భర్త మాట విని ఇట్లు బోధించెను: ఇతడు నన్ను పట్టినవాడని ద్వేషింపవలదు, చలితో ఆకలితో మన ఇంటికి వచ్చినాడు, పూజింపుము.

మగపావురము ఎండుటాకులు పోగుచేసి, నిప్పు తెచ్చి రగిల్చి బోయవాని చలి పోగొట్టెను. పిమ్మట వాడు ఆకలియనెను. పక్షులమగు మాకు నిలువ ధనము లేదు, ఏనాటిది ఆనాడే యని పావురము చింతించి, అగ్నికి ముమ్మారు ప్రదక్షిణము చేసి అందు ప్రవేశించి తన శరీరమునే అతిథికి ఆహారముగా నిచ్చెను. బోయవాని మనస్సు పగిలిపోయెను. కఱ్ఱను, వలను, పంజరమును పారవైచి ఆడుపావురమును విడిచెను. అదియు భర్త ననుగమించెను.

శ్రీమద్రామాయణ యుద్ధకాండమున విభీషణుడు శరణువేడి వచ్చినపుడు, శత్రువు తమ్ముని నమ్మరాదని సుగ్రీవుడు వాదించెను. అపుడు శ్రీరాముడు ప్రమాణముగా స్మరించినది ఈ పావురమునే. ఒక పక్షి తన భార్యను హరించినవానిని సైతము ఆదరించినదే, మావంటివారి మాట చెప్పవలెనా యని ఆయన భావము. వేదాంతదేశికులు అభయప్రదానసార మను రహస్యగ్రంథమును ఈ విభీషణ శరణాగతి ఘట్టముపైననే రచించిరి. ప్రపత్తి శాస్త్రమునకు ప్రాణమైన ఘట్టమున ఒక పావురము ఆచార్యస్థానమున నిలిచినది.

ఈ కథలో చలికి వణకినవాడు మనుష్యుడు. నిప్పు తెచ్చి ఆకలి తీర్చినది పక్షి. నేడు వణకుచున్నది పక్షి. నిప్పును ధాన్యమును మన యింటనే యున్నవి. పావురము ప్రాణము నిచ్చినది. మనలను ఎవ్వరును ప్రాణ మడుగుటలేదు, పిడికెడు నూకలే యడుగుచున్నారు.

ప్రకృతియే పోషించును గదా?

పక్షులకు భగవంతుడే ఆహారము నమర్చియున్నాడు, మన ప్రమేయమెందులకని కొందరందురు. అమర్చిన మాట నిజమే. కాని అమర్చినదానిని తొలగించినవారెవరు? పెంకుటిండ్ల చూరులలో పిచ్చుక గూడు కట్టెడిది. నేటి మిద్దెలకు చూరు లేదు. కళ్లములలో నూర్పిడియైన పిదప రాలిన గింజలు పిట్టలపాలయ్యెడివి. కోతయంత్రములు వచ్చిన పిమ్మట ఊరికళ్లములే అరుదైనవి. పిచ్చుక గింజలు తినునదే యైనను తన పిల్లలకు పురుగులను పెట్టును. పొదలు నరికి, మందులు చల్లిన పెరటిలో ఆ పురుగులును లేవు. 2010 నుండి ఏటేట మార్చి 20వ తేదీని ప్రపంచ పిచ్చుకల దినముగా జరుపవలసి వచ్చినదనగా ఆ చిన్ని ప్రాణి ఎంత దూరమైనదో తెలియుచున్నది.

పిచ్చుక బరువు సాధారణముగా 30 గ్రాముల ప్రాంతముననే యుండును. దాని దేహపు వేడిమి మాత్రము 40 డిగ్రీల సెంటిగ్రేడు పైననే యుండవలెను. చిన్న పాత్రలోని నీరు త్వరగా చల్లారినట్లు చిన్న దేహము త్వరగా వేడిని కోల్పోవును. పగలు తిన్నదానివలన కూడిన కొద్ది కొవ్వును రాత్రియంతయు కరగించుకొని అది ప్రాణము నిలుపుకొనును. తెల్లవారునప్పటికి ఆ నిలువ దాదాపుగా తీరిపోవును. కావుననే చలిదినములలో సూర్యోదయానంతరము వేసిన గింజయు, సాయంకాలము వేసిన గింజయు మిక్కిలి విలువైనవి.

ఆచరణ విధానము

సంక్రాంతినాటికి కొత్త వరికంకులను కుచ్చులుగా అల్లి ఇంటి వసారాలలోను, దేవాలయ మండపములలోను వ్రేలాడదీయుట తెలుగునాట పూర్వాచారము. అంతకు మించిన ఉపాయము నేటికిని లేదు. పిల్లికి అందదు, నేలపాలు కాదు, పిట్ట కంకిని పట్టుకొని వ్రేలాడుచు తనకు కావలసినంతయే తినును. కంకులు దొరకని పట్టణవాసులు నూకలు, కొఱ్ఱలు, సజ్జలు ఎత్తైన తావున పలుచగా ఉంచవచ్చును. ప్రక్కనే లోతులేని మట్టిమూకుడులో నీరుంచి ప్రతిదినమును మార్చవలెను.

పులిహోర, వడలు, ఉప్పు కారము గల పదార్థములు పిట్టలకు వేయరాదు. ప్రసాదమైనను అది మనుష్యులు స్వీకరింపవలసినది. ఉప్పును నూనెయు చిన్న పక్షులకు హానికరములు. కాకికి వట్టి అన్నపు ముద్ద చాలును. పిగిలిపిట్ట పండ్లు తినును, తేనెపిట్ట పూలను ఆశ్రయించును. వీనికి గింజలు పనికిరావు. ఒక జామచెట్టు, ఒక మందారము నాటుటయే వీనికి పెట్టు నైవేద్యము. పావురములు గుంపులుగా చేరునట్లు మూటలకొలది ధాన్యము కుమ్మరించుటయు తగదు. వాని రెట్టలు పోగుపడినచోట ఊపిరితిత్తుల వ్యాధులు కలుగునని వైద్యులు హెచ్చరించుచున్నారు. భూతయజ్ఞము పిడికెడుతో జరుగును.

ప్రేమతోనైనను పక్షిని పంజరమున పెట్టరాదు. భద్రాచల రామదాసుగారు గోలకొండ చెరసాలలో 12 సంవత్సరములు బాధపడుటకు పూర్వజన్మమున ఒక చిలుకను పంజరమున బంధించుటయే కారణమని లోకమున కథ కలదు. 1972వ సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టముచే మన రామచిలుకను పట్టుట, అమ్ముట, పంజరమున ఉంచుట నేరమైనది. లోకకథయు శాసనమును ఇచట ఒకే మాట చెప్పుచున్నవి.

చూచుటయు ఒక పాఠమే

గింజలు ఉంచిన పిదప కొంత దూరమున నిశ్శబ్దముగా కూర్చుండి చూడవలెను. కాకి ఆహారము కనబడగానే తనవారిని పిలుచును. గోరింకలు జంటగా వచ్చి గద్దించి తినును. పిచ్చుకలు ఒక్కమారుగా వాలి, ఆకు కదలినచో ఒక్కమారుగా లేచిపోవును. అందరును తిని పోయిన పిమ్మట ఒక గువ్వ మెల్లగా నడచివచ్చి మిగిలినవి ఏరుకొనును. పిల్లలు దీనిని చూచినచో, బలవంతుడు ముందు తినుననియు, వెనుక వచ్చు పిరికివానికై కొంత మిగుల్చుట పెట్టువాని బాధ్యతయనియు చెప్పకయే గ్రహింతురు. భాగవత ఏకాదశ స్కంధమున అవధూత తన 24 మంది గురువులలో పావురమును, కురర పక్షిని గూడ లెక్కించెను. ఆయన వానిని చూచి నేర్చెను. మనకును ఆ అవకాశము పెరటిలోనే కలదు.

శ్రీకాకుళము జిల్లా తేలినీలాపురమునందును, అనంతపురము సీమలోని వీరాపురమునందును గ్రామీణులు ఏటేట వచ్చు కొంగలను ఇంటి అతిథులవలె కాపాడుచు, వాని రాకను శుభముగా నెంచుచున్నారు. చదువుకొన్న పట్టణవాసులు వారిని చూచి నేర్చుకొనవలసినది చాల కలదు.

కావున ఈ మాఘమున ప్రతి వైష్ణవ గృహమునను తిరువారాధనము ముగిసిన వెంటనే, ఇంటి పిల్లలచేత పిడికెడు గింజలను, మూకెడు నీటిని పెరటిలో మెల్లగా ఉంచజేయుదురు గాక. గరుడవాహనుడైన శ్రీనివాసుడు ఆ చిన్న కైంకర్యమును స్వీకరించి ఆ గృహమును చల్లగా చూచును.