బీఎస్సీ నర్సింగ్: ఫీజు కంటే ముందు ఆసుపత్రిని చూడండి

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారం తిరక్కుండానే చిలుకూరు, కోదాడ, హుజూర్‌నగర్ చుట్టుపక్కల బైపీసీ చదివిన పిల్లల ఇళ్లకు ఫోన్లు మొదలవుతాయి. "నీట్ రాకపోతే ఏమైంది సార్, అమ్మాయిని బీఎస్సీ నర్సింగ్‌లో వెయ్యండి. బెంగళూరులో సీటుంది. కోర్సు కాగానే ఫారిన్." ఫోన్ చేసేది కాలేజీ వాళ్లు కాదు, సీటుకింత అని కమీషన్ తీసుకునే ఏజెంటు. యాసంగి వడ్లు ఐకేపీ సెంటర్లో తూకమై రైతు ఖాతాలో డబ్బు పడేదీ దాదాపు అప్పుడే. ఏజెంట్లకు మన పంటల క్యాలెండర్ బాగా తెలుసు.

నర్సింగ్‌కు గిరాకీ ఉంది, అందులో అబద్ధం లేదు. కానీ అదే డిగ్రీ ఒకరికి తక్కువ ఖర్చుతో సర్కారు కొలువు దాకా దారి వేస్తుంది, ఇంకొకరికి ఏళ్ల తరబడి వాయిదాలు మిగులుస్తుంది. సీటు ఏ కోటాలో వచ్చింది, కాలేజీ వెనక ఎలాంటి ఆసుపత్రి ఉంది అన్న రెండు విషయాల మీదే ఆ తేడా ఆధారపడి ఉంటుంది.

ముందు సీటు సంగతి. తెలంగాణలో కన్వీనర్ కోటా బీఎస్సీ నర్సింగ్ సీట్లను వరంగల్‌లోని కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం భర్తీ చేస్తుంది. 2023 నుంచి దీనికి ఎంసెట్ ర్యాంకు చూస్తున్నారు, ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్. నీట్ మీదే ధ్యాస పెట్టి ఈఏపీసెట్‌ను మొక్కుబడిగా రాసే పిల్లలు నష్టపోయేది ఇక్కడే. కన్వీనర్ సీటు వస్తే, ఆదాయ పరిమితికి లోబడిన కుటుంబాలకు ఈ-పాస్ ద్వారా ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంటుంది. ఎస్సీ, ఎస్టీలకు ఏడాదికి రెండు లక్షలు, బీసీలకు పల్లెల్లో లక్షన్నర, పట్టణాల్లో రెండు లక్షలు ఆ పరిమితి. మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే అది రాదు. వచ్చే వాళ్లకైనా సర్కారు బకాయిలు ఆలస్యమైతే "ముందు మీరు కట్టండి, వచ్చాక ఇస్తాం" అని కాలేజీలు సర్టిఫికెట్లు ఆపడం మన దగ్గర కొత్తేమీ కాదు. చేరే రోజే ఈ మాట అడిగి, జవాబు కాగితం మీద తీసుకోండి.

ఫీజు కాక కనిపించని ఖర్చు ఇంకొంత ఉంటుంది. యూనిఫాం, పుస్తకాలు, రికార్డులు, పరీక్ష ఫీజులు, హాస్టల్, చివర్లో నర్సింగ్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్. సైకియాట్రీ పోస్టింగ్ వచ్చినప్పుడు జిల్లా కాలేజీల పిల్లలు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు వెళ్లి ఉండాలి, ఆ బస ఖర్చూ ఇంటివాళ్లదే. ఏజెంటు చెప్పిన అంకెలో ఇవేవీ ఉండవు.

చాలామంది తల్లిదండ్రులకు తెలియని విషయం ఇంకొకటుంది. తెలంగాణ మెడికల్ రిక్రూట్‌మెంట్ బోర్డు 2024లో 2,050 నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు నోటిఫికేషన్ ఇచ్చింది. పేస్కేలు 36,750 నుంచి 1,06,990 రూపాయలు, దాని మీద డీఏ, హెచ్‌ఆర్‌ఏ. అర్హత బీఎస్సీ నర్సింగ్ లేదా జీఎన్‌ఎం డిప్లొమా. మూడేళ్ల జీఎన్‌ఎం చేసినవాళ్లకూ, నాలుగేళ్ల డిగ్రీ చేసినవాళ్లకూ అదే పరీక్ష, అదే పోస్టు, అదే జీతం. వంద పాయింట్లలో ఎనభై రాతపరీక్షకు, ఇరవై ప్రభుత్వ ఆసుపత్రుల్లో కాంట్రాక్టు, అవుట్‌సోర్సింగ్ సర్వీసుకు. కాబట్టి ఊళ్లో ఉండి సర్కారు నర్సు కావడమే లక్ష్యమైతే, అప్పు చేసి మేనేజ్‌మెంట్ సీట్లో బీఎస్సీ చదవడం కన్నా తక్కువ ఖర్చుతో జీఎన్‌ఎం చేసి, సూర్యాపేట, మిర్యాలగూడ లాంటి చోట్ల ప్రభుత్వాసుపత్రిలో కాంట్రాక్టు ఉద్యోగానికి ప్రయత్నిస్తూ పరీక్షకు చదవడం తెలివైన పని. జీఎన్‌ఎంకు ఇంటర్‌లో ఏ గ్రూపైనా ఫర్వాలేదు. తర్వాత ఓపిక ఉంటే రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ ఎలాగూ ఉంది.

మరి డిగ్రీకి అదనపు విలువ ఎక్కడుంది? ఎయిమ్స్‌లో ఉంది. బీబీనగర్ ఎయిమ్స్‌తో సహా దేశంలోని ఎయిమ్స్‌లకు నార్సెట్ అనే ఉమ్మడి పరీక్ష ఉంది. మూలవేతనం 44,900 దగ్గర మొదలవుతుంది. బీఎస్సీ వాళ్లు చదువు, రిజిస్ట్రేషన్ పూర్తవగానే రాయొచ్చు. జీఎన్‌ఎం వాళ్లకు మాత్రం యాభై పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. ఎమ్మెస్సీ చేసి పాఠాలు చెప్పాలన్నా డిగ్రీ తప్పదు. విదేశాలకు వెళ్లాలన్నా డిగ్రీ ఉంటే దారి సులువు. నీట్ రాసి మంచి స్కోరు తెచ్చుకుని ఎంబీబీఎస్ సీటు అందని అమ్మాయిలు మిలిటరీ నర్సింగ్ సర్వీస్‌నూ చూడాలి. చదువు ఖర్చు సైన్యానిదే, స్టైపెండూ ఇస్తారు, పూర్తయ్యాక లెఫ్టినెంట్ హోదా. బాండు ప్రకారం సర్వీసు చేయాలి, పెళ్లికాని అమ్మాయిలకే అవకాశం. మన వైపు దీని గురించి అడిగేవాళ్లే తక్కువ.

అప్పు చేయక తప్పదంటే లెక్క ఇలా వేయండి. నాలుగు లక్షల విద్యారుణం, పదిన్నర శాతం వడ్డీ, ఏడేళ్ల గడువు అనుకుంటే నెల వాయిదా సుమారు 6,700. చిన్న ప్రైవేటు ఆసుపత్రిలో కొత్త నర్సుకు పదిహేను వేలు ఇస్తే గొప్ప. హాస్టల్‌కు, తిండికి ఆరేడు వేలు తీసేస్తే వాయిదా కట్టాక చేతిలో పెద్దగా ఏమీ మిగలదు. నాలుగు లక్షల లోపు రుణానికి బ్యాంకు పూచీకత్తు అడక్కూడదు. కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపుంటే, చదువుకునే కాలానికీ ఆ పైన ఏడాదికీ వడ్డీ రాయితీ కేంద్ర పథకంలో ఉంది. ముందు బ్యాంకుకు వెళ్లి, వడ్డీ వ్యాపారి గడప తొక్కకపోతే సగం బరువు తగ్గినట్టే. నా లెక్కలో మాత్రం, ప్రైవేటు ఆసుపత్రి తొలి జీతంతో వాయిదా కట్టలేని అప్పు నర్సింగ్ చదువుకు చేయకూడదు. ఫారిన్ జీతం చూపించి చేసే అప్పు లాటరీ టికెట్టే.

ప్రైవేటు జీతాల సంగతి సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2016లో కోర్టు చెప్పాక వేసిన కమిటీ, యాభై పడకల లోపు ఆసుపత్రిలోనైనా నర్సుకు 20,000కు తగ్గకూడదనీ, రెండొందల పడకలు దాటితే ప్రభుత్వ జీతంతో సమానంగా ఉండాలనీ సిఫార్సు చేసింది. కేరళ నర్సులు రోడ్డెక్కి 2018లో తమ రాష్ట్రంలో ఆ 20,000 కనీస వేతనాన్ని సాధించుకున్నారు. మన నర్సింగ్ హోమ్‌ల జీతాలు చూస్తే ఆ సిఫార్సు ఇటువైపు వచ్చినట్టు లేదు.

ఇక ఆసుపత్రి. బీఎస్సీ నర్సింగ్ కాలేజీకి సొంత ఆసుపత్రి, అదీ కనీసం వంద పడకలతో, ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నియమం. ఒక విద్యార్థికి ముగ్గురు రోగులు ఉండాలి. కాగితం మీద ఈ పడకలన్నీ ఉంటాయి. కాలేజీ చూడ్డానికి వెళ్లినప్పుడు ప్రిన్సిపల్ గదిలో టీ తాగి రాకండి. ఉదయం ఎనిమిదింటికి ఆ ఆసుపత్రి వార్డుకు వెళ్లండి. ఎన్ని మంచాల మీద మనుషులున్నారు? సెలైన్ ఎక్కించేది విద్యార్థులేనా, లేక వాళ్లు పక్కన నిలబడి చూస్తున్నారా? ఐసీయూలో, లేబర్ రూంలో రాత్రి డ్యూటీలు పడతాయా? ఫైనలియర్ అమ్మాయిని పక్కకు పిలిచి "అక్కా, సొంతంగా ఎన్ని డెలివరీలు చేశావు?" అని మీ పాపనే అడగమనండి. ఆ అక్క తడబడితే, లాగ్‌బుక్‌లో ఉన్నవన్నీ చేయకుండా రాసుకున్నవేనని అర్థం. బొమ్మ మీద కాన్యులా పెట్టడం నేర్చిన పిల్ల, ముసలాయన సన్నటి నరం దొరక్క మూడుసార్లు గుచ్చితే రోగి ఊరుకోడు, ఆసుపత్రీ ఉంచుకోదు.

బెంగళూరు కాలేజీలకు ఈ జాగ్రత్త ఇంకా ఎక్కువ కావాలి. కర్ణాటక కాలేజీలన్నీ చెడ్డవని కాదు, మంచివీ ఉన్నాయి. కానీ ఆ కాలేజీకి ఆ రాష్ట్ర కౌన్సిల్ గుర్తింపు, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ అనుమతి ఈ ఏడాదికి ఉన్నాయో లేదో వాళ్ల వెబ్‌సైట్లలో మీరే చూడండి. క్లాసులకు రానక్కర్లేదు, పరీక్షలకు వస్తే చాలని చెప్పే చోటికి అసలే వెళ్లొద్దు. ఒరిజినల్ సర్టిఫికెట్లు పెట్టుకుని, చదువయ్యాక మా ఆసుపత్రిలోనే చేయాలని బాండు రాయించుకునే కాలేజీలూ ఉన్నాయి. నర్సింగ్ కౌన్సిల్ దీన్ని ఒప్పుకోదు, మీరూ సంతకం పెట్టకండి.

విదేశాల గురించి ఏజెంటు చెప్పనిది కొంత ఉంది. అమెరికాకు ఎన్‌క్లెక్స్ అనే లైసెన్స్ పరీక్ష పాసవడం ఒక ఎత్తు, భారతీయులకు గ్రీన్‌కార్డు వరుస మరో ఎత్తు, అది ఏళ్ల తరబడి సాగుతోంది. బ్రిటన్‌లో బయటి దేశాల నర్సులను తీసుకోవడం 2024 తర్వాత బాగా తగ్గింది. గల్ఫ్‌లో చాలా దేశాలకు ప్రొమెట్రిక్ పరీక్ష, సర్టిఫికెట్ల డేటాఫ్లో పరిశీలన, పైగా అనుభవం అడుగుతారు. కువైట్, సౌదీ లాంటి దేశాలకు నర్సులను ప్రైవేటు ఏజెంట్లు పంపడాన్ని కేంద్రం 2015లోనే ఆపేసి, ప్రభుత్వ సంస్థలకు అప్పగించింది. తెలంగాణలో ఆ పని చేసేది టామ్‌కామ్. జర్మనీతో ట్రిపుల్ విన్ పథకం కింద నర్సులకు ఉచితంగా జర్మన్ భాష నేర్పి పంపిస్తున్నదీ అదే. అభ్యర్థి దగ్గర ప్లేస్‌మెంట్ ఫీజు తీసుకోరు. ఏడాది పాటు భాష మీద కూర్చోవాలి. డిగ్రీ నాలుగో ఏట మొదలుపెడితే ఆ ఏడాది కలిసొస్తుంది. మిగతా దేశాలకు ప్రైవేటు ఏజెన్సీ ద్వారా వెళ్లాల్సి వచ్చినా విదేశాంగ శాఖ లైసెన్స్ నంబరు ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో సరిచూడండి. చట్టప్రకారం సర్వీసు ఛార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ మించకూడదు. అంతకన్నా ఎక్కువ అడిగితే రశీదు ఇమ్మనండి, అప్పుడు అవతలివాళ్లు ఏం చెబుతారో వినండి.