మాత్రలు పంచాక మొదలైన పని

1975లో బంగ్లాదేశ్‌లోని మత్లబ్ గ్రామాల్లో గర్భనిరోధక మాత్రలను ఇంటింటికీ తిరిగి పంచారు. మొదట్లో వాడకం బాగానే పెరిగింది, తర్వాత జారిపోయింది. మాత్ర పడక వికారం వస్తే ధైర్యం చెప్పే మనిషి లేదు మరి! 1977లో పరిశోధకులు పద్ధతి మార్చారు. చదువుకున్న స్థానిక వివాహితలకు శిక్షణనిచ్చి రెండు వారాలకోసారి ఇళ్లకు పంపారు. మాత్రలు పడనివారికి ఇంజెక్షన్లు, ఇతర పద్ధతులూ అందుబాటులో ఉంచారు. ఏడాదిన్నర తిరిగేసరికి మూడో వంతు దంపతులు ఏదో ఒక పద్ధతి పాటిస్తున్నారు. మామూలు ప్రభుత్వ సేవలు మాత్రమే అందిన పక్క గ్రామాల లెక్కలు కూడా రాసిపెట్టడం వల్లే రెంటి మధ్య తేడా ప్రపంచానికి తెలిసింది.

ఆ లెక్కలు రాసేవాళ్లు, వాటి అర్థం చెప్పేవాళ్లు కావాలి. కుటుంబ నియంత్రణ పరిశోధన అంతా డాక్టర్ల వ్యవహారమనుకుని చాలామంది ఇటు తొంగిచూడరు. గణాంకశాస్త్రం, ఆర్థికశాస్త్రం, సోషియాలజీ, నర్సింగ్ చదివినవారికీ ఇందులో చోటుంది.

మన దేశంలో జనాభా అధ్యయనాల చదువుకు పెద్ద చిరునామా ముంబయిలోని ఇంటర్నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ పాపులేషన్ సైన్సెస్. 1956లో మొదలైన ఈ సంస్థే జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే నిర్వహణ చూస్తుంది. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం జనాభా అధ్యయనాలను బోధిస్తోంది. హైదరాబాద్‌లో ప్రజారోగ్యంలో పీజీ చేయవచ్చు. విదేశాలకు వెళ్లేవారికి అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ ఉంది. అక్కడి గేట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్రికా, ఆసియా దేశాల్లో స్థానిక మహిళల చేతికి ఫోన్లిచ్చి సర్వేలు చేయిస్తుంది. మన రాజస్థాన్‌లోనూ చేయించింది.

పరిశోధనకు అంశం కోసం తెలుగు విద్యార్థులు దూరం పోనక్కర్లేదు. 2019-21 సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ వివాహితల్లో దాదాపు 70 శాతం మంది కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించుకున్నవారే. దేశం మొత్తమ్మీద భర్త ఆపరేషన్ చేయించుకున్న దంపతులు 0.3 శాతమే! ఈ భారమంతా ఆడవాళ్లపైనే ఎందుకు పడిందన్న ఒక్క ప్రశ్న పీహెచ్‌డీకి సరిపోతుంది. అయితే అత్తగారు పక్కగదిలో ఉండగా కోడలిని ఈ సంగతులు అడగడం ఏ సాఫ్ట్‌వేరూ నేర్పదు. అది ఫీల్డులోనే అబ్బాలి.

ఉద్యోగాల్లో ఎక్కువ భాగం ప్రాజెక్టు ఉన్నన్నాళ్లే ఉండే కాంట్రాక్టులు. 2025లో అమెరికా తన విదేశీ సహాయ సంస్థ యూఎస్‌ఎయిడ్ నిధులు ఆపేసినప్పుడు అనేక దేశాల్లో ఇలాంటి పనులు నిలిచిపోయాయి. అందుకే ఈ రంగంలోకి వచ్చేవారు స్టాటా, ఆర్ వంటి గణాంక సాఫ్ట్‌వేర్లపై గట్టి పట్టు సాధించడం మంచిది. ప్రాజెక్టు ముగిసినా క్లినికల్ ట్రయల్స్ సంస్థలో, ఆరోగ్య బీమా కంపెనీలో అదే నైపుణ్యం అన్నం పెడుతుంది.