చెరువు నీటిలోని చిరుజీవులు, వాని అతిథులు

వానలు కురిసి చెరువులు నిండిన దినములలో ఒక గాజుగ్లాసుతో నీటిని ముంచి వెలుతురునకు ఎదురుగా పట్టి చూడుడు. తెల్లని చుక్కల వంటివి గంతులు వేయుచు కదలాడును. చిక్కబళ్ళాపురము, బాగేపల్లి, చింతామణి ప్రాంతములలో ఏడాది పొడవున పారు నది లేదు. చెరువులు, కుంటలు, బావులే మన పూర్వులకు ఆధారము. తెలుగున చెరువన్నను, కన్నడమున కెరె యన్నను అందలి ప్రాణులు ఒక్కటియే.

ఆ చుక్కలు రొయ్యకును ఎండ్రకాయకును దూరపు చుట్టములు. సైక్లాప్స్, డాఫ్నియా అనునవి వానిలో ముఖ్యములు. కైటిన్ అను పదార్థము వీని పెంకునందు కలదు. వీనికంటె మిక్కిలి చిన్నవైన బాక్టీరియాలు వీనిని ఆశ్రయించి బ్రతుకును. రెండు జాతుల ప్రాణులు ఇట్లు కలసియుండుటను సహజీవనమందురు.

అతిథులందరు ఒకే తీరువారు కారు. పాస్చూరియా రమోసా అను బాక్టీరియా డాఫ్నియా దేహమున చేరి దానిని గొడ్డు చేయును. దీనిని 1888లో మెచ్నికాఫ్ వర్ణించెను. కలరా బాక్టీరియా పద్ధతి వేరు. అది సైక్లాప్స్ వంటి జీవుల పెంకునంటుకొని ఆ కైటిన్‌నే ఆహారముగా గొనును. ఒక్క జీవిపై వేలకొలది బాక్టీరియాలు ఉండవచ్చును. ఆ జీవి ఈదుచునే యుండును. కీడు కలుగునది ఆ నీటిని త్రాగిన మనుష్యునికి.

బాక్టీరియా ఒంటరిగా నున్నచో బట్టలోనుండి జారిపోవును. కాని పెంకుగల జీవి బట్టకు చిక్కును. దానితోపాటు అతిథులును చిక్కును. ఈ సూక్ష్మమును గ్రహించి రీటా కాల్వెల్, ఆమె సహచరులు బంగ్లాదేశ్‌లోని మత్లబ్ ప్రాంతమున 65 గ్రామములలో పరీక్ష జరిపిరి. పాత నూలుచీరను పలు మడతలు వేసి నీరు వడగట్టిన ఇండ్లలో కలరా 48 శాతము తగ్గెనని 2003లో ప్రకటించిరి.

నారికురుపు పురుగు సైతము సైక్లాప్స్ ద్వారానే మన దేశమున వ్యాపించెడిది. వడగట్టుటయు అందుకు ఒక విరుగుడైనది. 1996 తరువాత ఆ వ్యాధి ఇచట కనబడలేదు. 2000లో భారతదేశము దానినుండి విముక్తమైనట్లు ప్రపంచ ఆరోగ్య సంస్థ ధ్రువీకరించెను.

అయినను 48 శాతము నూరు శాతము కాదు. కావున వడగట్టిన నీటిని కాచి చల్లార్చి త్రాగవలెను. బట్టను ఉతికి ఎండలో ఆరవేయవలెను. వాంతిభేదులు కలిగినచో ఉప్పు, చక్కెర కలిపిన శుభ్రమైన నీటిని త్రాగించుచు వెంటనే ఆసుపత్రికి చేర్చవలెను. విద్యార్థులారా! ఈ పాఠము పుస్తకమున నిలిచిపోక మీ ఇంటి నీళ్ళకడవ వరకు చేరవలెనని మేము కోరుచున్నాము.