ఐర్లండ్ విమానం ఎక్కేలోపు డొమైన్ కంట్రోలర్ కాపలా నేర్వండి

సైబర్ సెక్యూరిటీలో ఎంఎస్సీ కోసం ఐర్లండ్ దారి పట్టే మన విద్యార్థుల మాటల్లో ఎక్కువగా వినిపించేది ఎథికల్ హ్యాకింగ్, అది కాకపోతే క్లౌడ్. ఆఫీసు లోకల్ నెట్‌వర్క్‌లో ఏ మూల గదిలోనో నడిచే డొమైన్ కంట్రోలర్ సంగతి పెద్దగా ఎవరికీ పట్టదు. విండోస్ సర్వర్ అడ్మిన్ పని పాతకాలపు ఉద్యోగమని చిన్నచూపు కూడా ఉంది. అది తప్పని చెప్పడానికి వాళ్లు చదవబోయే దేశంలోనే 2021లో జరిగిన దాడి ఒక్కటి చాలు.

హెచ్‌ఎస్‌ఈ ఐర్లండ్ ప్రభుత్వ ఆరోగ్య సేవల సంస్థ. 2021 మార్చి 18న అక్కడి ఒక కంప్యూటర్‌లో ఈమెయిల్‌తో వచ్చిన ఎక్సెల్ ఫైలు తెరుచుకుంది. మే 14 తెల్లవారుజామున కాంటి రాన్సమ్‌వేర్ విరుచుకుపడింది. సంస్థ తన ఐటీ వ్యవస్థలన్నీ ఆపేసుకుంది, ఆసుపత్రులు కాగితం మీద రాసుకుంటూ నెట్టుకొచ్చాయి. ఈ రెండు తేదీల మధ్య గడిచిన ఎనిమిది వారాల్లోనే అసలు కథ ఉంది. సంస్థ బోర్డు కోరికపై పీడబ్ల్యూసీ రాసిన నివేదిక డిసెంబరులో బయటికొచ్చింది. దాని ప్రకారం మార్చి 31నే ఆ కంప్యూటర్‌లో దాడిదారులు వాడే కోబాల్ట్ స్ట్రైక్, మిమికాట్జ్ అనే సాధనాలు నడిచినట్టు యాంటీవైరస్ పసిగట్టింది. కానీ ఆ యాంటీవైరస్‌ను అడ్డుకునే మోడ్‌లో కాక గమనించే మోడ్‌లో ఉంచారు. మిమికాట్జ్ చేసే పని మెమరీలో మిగిలిన పాస్‌వర్డులు, హ్యాష్‌లు దొంగిలించడం. ఆ తర్వాత దాడిదారులు పెద్ద అధికారాలున్న ఖాతాలను చేజిక్కించుకుని సర్వర్ నుంచి సర్వర్‌కు, ఆసుపత్రి నుంచి ఆసుపత్రికి పాకారు. మే 20న వాళ్లే డీక్రిప్షన్ కీ ఇచ్చేసినా, సర్వర్లన్నీ విప్పుకునేసరికి సెప్టెంబరు వచ్చింది.

తప్పు ఆ ఫైలు తెరిచినవారిది కదా అని అడగొచ్చు. లక్షమందికి పైగా పనిచేసే చోట ఎవరో ఒకరు ఏదో ఒక రోజు తెరుస్తారు, దాన్ని ఏ శిక్షణా పూర్తిగా ఆపలేదు. ఆ ఒక్క కంప్యూటర్ నుంచి డొమైన్ కంట్రోలర్ దాకా దారి ఎందుకుందన్నదే అడగాల్సిన ప్రశ్న. ఎవరు ఎవరో, ఎవరికి ఏ హక్కుందో చెప్పే యాక్టివ్ డైరెక్టరీ ఉండేది ఆ సర్వర్‌లోనే. పాత ఊళ్లలో కరణం దస్తరం చేతికొస్తే పొలం దోచుకోనక్కర్లేదు, పేరు మార్చి రాసుకుంటే చాలు. ఇదీ అంతే. కాబట్టి కాపలా అంటే ముందుగా ఆ దారులు మూయడం. డొమైన్ అడ్మిన్ ఖాతాతో మామూలు కంప్యూటర్‌లో ఎప్పుడూ లాగిన్ కాకూడదు, అయితే మిమికాట్జ్‌కు వడ్డించినట్టే. ప్రతి కంప్యూటర్ లోకల్ అడ్మిన్ పాస్‌వర్డు వేరుగా ఉండాలి, అందుకు ల్యాప్స్ అనే మైక్రోసాఫ్ట్ సాధనం ఉంది. డొమైన్ కంట్రోలర్ మీద ప్రింట్ స్పూలర్ నడవనక్కర్లేదు. దాడి జరిగిపోతే కెర్బరోస్ టికెట్లకు మూలమైన కేఆర్‌బీటీజీటీ ఖాతా పాస్‌వర్డు రెండుసార్లు మార్చాలి, ఎందుకంటే పాతది కూడా ఒక విడత చెల్లుతుంది.

అంతా క్లౌడ్‌కు వెళ్లిపోతుంటే ఇదెందుకన్నది బలమైన అభ్యంతరమే. పుట్టుకతోనే క్లౌడ్‌లో ఉన్న కొత్త కంపెనీకి అది నిజం. కానీ ఆసుపత్రులు, బ్యాంకులు, ఫ్యాక్టరీలు అలా లేవు. లోపలి యాక్టివ్ డైరెక్టరీలోని ఖాతాలే మైక్రోసాఫ్ట్ క్లౌడ్ డైరెక్టరీ అయిన ఎంట్రా ఐడీలోకి సింక్ అవుతుంటాయి. కింద పట్టు చిక్కినవాడికి పైకి వెళ్లే మెట్లు దొరుకుతాయి. అందుకే క్లౌడ్ భద్రత నేర్చుకునేవారికి కూడా ఇది పునాది పాఠమని నా అభిప్రాయం.

ఫ్రెషర్ చేతికి డొమైన్ అడ్మిన్ హక్కులు ఎవరిస్తారన్నది మరో సందేహం. ఎవరూ ఇవ్వరు, ఇవ్వకూడదు కూడా. మొదటి ఉద్యోగం హెల్ప్‌డెస్క్‌లోనో, సెక్యూరిటీ ఆపరేషన్స్ సెంటర్‌లోనో ఉంటుంది. అక్కడ విలువ లాగ్ చదవగలిగినవారిది. కెర్బరోస్ సర్వీస్ టికెట్ అడిగినప్పుడు నమోదయ్యే 4769 ఈవెంట్లు ఒక్కసారిగా ఎందుకు పెరిగాయో, డొమైన్ కంట్రోలర్ కాని యంత్రం రెప్లికేషన్ ఎందుకు అడుగుతోందో చెప్పగలిగితే ఇంటర్వ్యూలో మాట సాగుతుంది. మార్చి 31 హెచ్చరికను చదివి పైకి చేరవేసేది అలాంటి మనిషే.

ఐర్లండ్‌లో మాస్టర్స్ పూర్తయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి స్టాంప్ 1జీ మీద ఇచ్చే గడువు గరిష్ఠంగా 24 నెలలు. అద్దెలు, పార్ట్‌టైమ్ షిఫ్టుల మధ్య అక్కడికెళ్లి మొదటినుంచి నేర్చుకోవడం కష్టం. విండోస్ సర్వర్‌ను 180 రోజులు ఉచితంగా వాడుకోవచ్చు. 16 జీబీ ర్యామ్ ల్యాప్‌టాప్‌లో రెండు డొమైన్ కంట్రోలర్లు, ఒక క్లయింట్ నిలబెట్టండి. మీ ల్యాబ్ మీద మీరే దాడి చేసి, ఏ లాగ్‌లో ఏం కనిపించిందో రాసుకోండి. తర్వాత మొత్తం ఫారెస్ట్‌ను, అంటే ల్యాబ్‌లోని యాక్టివ్ డైరెక్టరీ అంతటినీ, చెరిపేసి బ్యాకప్ నుంచి తిరిగి లేపండి. ఎంతసేపు పట్టిందో, ఎక్కడ ఆగిపోయిందో కూడా రాసి, ఆ రాత రెజ్యూమేతోపాటు పంపండి.