పండు రంగును కొలిచేవాళ్లు కావాలి

చెట్టు మీద పండు ఎర్రగా ఉందని నోట్‌బుక్‌లో రాసుకుంటే చాలదా, దానికో పరికరం ఎందుకని బోటనీ, జువాలజీ విద్యార్థులు తరచూ అడుగుతుంటారు. ఆ ఎరుపు మన కంటికి కనిపించేది. అడవిలో పండు పండేది గింజను మోసుకెళ్లే కోతి కోసం, పక్షి కోసం. మనకూ, ఆఫ్రికా కోతులకూ కంట్లో రంగును పట్టే కణాలు మూడు రకాలు. పక్షులకు నాలుగు రకాలు; మనకు కనబడని అతినీలలోహిత కాంతిని కూడా చాలా పక్షులు చూస్తాయి. మడగాస్కర్‌లోని లీమర్లు అనే జంతువుల్లో ఎక్కువ వాటికి రెండు రకాలే ఉంటాయి కాబట్టి, ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా వాటికి సరిగా తెలియదు.

మరి లీమర్ల అడవిలో పండ్లు ఏ రంగులో ఉండాలి? ఉగాండాలోని కిబాలే, మడగాస్కర్‌లోని రనోమఫానా అడవుల్లో పండ్లనూ ఆకులనూ కొలిచి, 2018లో శాస్త్రవేత్తలు దీనికి జవాబు చెప్పారు. కోతులు, పక్షులు తిరిగే కిబాలేలో పండ్లు ఆకుల మధ్య ఎరుపు-ఆకుపచ్చ తేడాతో కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి. రనోమఫానాలో పండ్లకు ఆ తేడా తక్కువ, పసుపు-నీలం తేడా ఎక్కువ. తినే జంతువు చూపును బట్టి పండు రంగు తీరిందన్నమాట. కిబాలేలోనే అంతకుముందు నథానియల్ డామినీ, పీటర్ లూకస్ ఆకులను కొలిచి, 2001లో మరో మాట చెప్పారు: కోతులకు ఎరుపును పసిగట్టే చూపు పండ్ల కంటే లేత చిగుళ్లను వెతుక్కోవడానికే ఎక్కువ పనికొచ్చి ఉండొచ్చని. మామిడి చిగురు, రావి చిగురు ఎర్రగా మెరవడం చూస్తూ పెరిగిన మన పిల్లలకు ఈ మాట కొత్తగా అనిపించదు.

ఇక ఈ రంగులను కొలిచే పని ఎలా ఉంటుందంటే... చేతిలో ఇమిడే స్పెక్ట్రోమీటర్, దానికో ఫైబర్ కేబుల్, సొంత దీపం ఉంటాయి. ముందు తెల్లటి ప్రామాణిక పలకను కొలవాలి, తర్వాత దీపం ఆపి చీకటి రీడింగ్ తీసుకోవాలి. ఈ రెండూ సరిగా లేకపోతే ఆ రోజు కొలిచినదంతా వృథా. మెరిసే తొక్క నుంచి దీపం వెలుగు నేరుగా తిరిగి రాకుండా కేబుల్ కొసనున్న ప్రోబ్‌ను 45 డిగ్రీల కోణంలో ఆనించి, 300 నుంచి 700 నానోమీటర్ల దాకా ఏ కాంతి ఎంత వెనక్కి వచ్చిందో చూస్తారు. అదే చెట్టు ఆకును కూడా కొలిచి తీరాలి, ఎందుకంటే పండు కనిపించేది ఆ ఆకుల నేపథ్యంలోనే. కోసిన పండు వాడిపోకముందే పని ముగించాలి. వాన, తేమ, బ్యాటరీ అన్నీ పరీక్షే. ఫోన్ కెమెరా ఇక్కడ పనికిరాదు. అది మనిషి కంటికి నచ్చేలా రంగులను తనే సర్దేస్తుంది, అతినీలలోహితాన్ని దాదాపు పట్టదు.

అసలు శ్రమ కంప్యూటర్ ముందు మొదలవుతుంది. స్పెక్ట్రోమీటర్ ఇచ్చిన గీతలను, ఆ రంగులు లీమర్ కంటికీ, హార్న్‌బిల్ పక్షి కంటికీ ఎలా కనిపిస్తాయో తెలిపే లెక్కలుగా మార్చాలి. ఆర్ భాషలో ‘పావో’ అనే ఉచిత ప్యాకేజీ ఇందుకే ఉంది. డిగ్రీ రెండో ఏడాదిలోనే ఆర్, స్టాటిస్టిక్స్ మొదలుపెట్టండి. ఈ రెండూ రాని జీవశాస్త్ర పట్టభద్రులే ఎక్కువ కాబట్టి మీరు ముందు వరుసలో ఉంటారు.

చదువు విషయానికొస్తే, సిద్దిపేట జిల్లా ములుగులోని ఫారెస్ట్ కాలేజీలో బీఎస్సీ ఫారెస్ట్రీ ఉంది. పీజీకి డెహ్రాడూన్ వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్, బెంగళూరు ఎన్‌సీబీఎస్, పుదుచ్చేరి విశ్వవిద్యాలయం చూడండి. పరిశోధనకు ఐఐఎస్సీ, తిరుపతి ఐసర్ ఉన్నాయి. గేట్‌లో ఎకాలజీ అండ్ ఎవల్యూషన్ పేపర్ ఉందన్న సంగతి చాలామంది గమనించరు.

ఇంట్లోవాళ్లకు ముందే చెప్పాల్సిన సంగతొకటుంది. ఈ రంగంలో శాశ్వత ఉద్యోగాలు తక్కువ. ప్రాజెక్టు అసిస్టెంట్‌గా చేరితే ప్రాజెక్టు ఉన్నంతకాలమే జీతం. అయినా నేర్చుకున్నది అడవిలోనే ఆగిపోదు. గుంటూరు మిర్చి ఎగుమతిలో రంగుకు కట్టే ఆస్టా విలువ కూడా ఒక కాంతి కొలతే: కారం నుంచి అసిటోన్‌తో రంగు తీసి, 460 నానోమీటర్ల దగ్గర అది ఎంత కాంతిని పీల్చుకుందో చూస్తారు. వరి రైతు చేతిలోని ఆకు రంగు పట్టీ, హైదరాబాద్ ఎన్‌ఆర్‌ఎస్‌సీ ఉపగ్రహ చిత్రాల్లో పంట పచ్చదనాన్ని చదవడం, అన్నిటికీ మూలం ఆకు ఏ కాంతిని పీల్చి ఏది వదులుతుందన్న జ్ఞానమే.

వర్ణాంధత్వం ఉందని లోకో పైలట్ ఉద్యోగానికి దూరమైన యువకులు ఈ పనికి దూరం కానక్కర్లేదు. రంగును నిర్ణయించేది పరికరం. లీమర్ లోకం ఎలా ఉంటుందో ఊహించడంలో వాళ్లు మిగతావాళ్ల కంటే ఓ అడుగు ముందే ఉంటారని నా నమ్మకం.

కోర్సుకో ప్రాజెక్టుకో దరఖాస్తు చేసే ముందు చేయాల్సింది ఒకటుంది. మీ ఊళ్లో ఒక చెట్టును ఎంచుకుని చిగురు, పూత, కాయ, పండు ఎప్పుడొచ్చాయో వారం వారం రాయండి. సీజన్‌వాచ్ అనే దేశవ్యాప్త కార్యక్రమంలో ఇలాంటి వివరాలను ఎవరైనా నమోదు చేయవచ్చు. ఏడాది పాటు తప్పకుండా రాసిన ఆ పట్టికను ఇంటర్వ్యూకి తీసుకెళ్లండి.