రెండు రూపాయి బిళ్ళలు



మొన్న ఫోన్లో నువ్వన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. "నలుగురిలో ఒకరికే ఈ జబ్బు వస్తుందట కదా పెదనాన్నా, ఆ ఒక్కటీ బుజ్జిదానికి వచ్చేసింది, ఇక పుట్టబోయేవాళ్ళకు భయం లేదు" అన్నావు. ఆ ధీమా ఎక్కడిదో నాకు తెలుసు. నాబోటి మాస్టర్లు పెట్టిందే. ముప్పై ఏళ్ళు బోర్డు మీద నాలుగు గడులు గీసి, ఒకదాంట్లో అడ్డగీత కొట్టి "నలుగురిలో ఒకరు" అని చెప్పుకుంటూ వచ్చాను. పిల్లలు ఆ గడులను వరసగా పుట్టే నలుగురు బిడ్డలనుకున్నారు. మార్కులు పడుతున్నాయి కదా అని నేనూ దిద్దలేదు.

జేబులోంచి రెండు రూపాయి బిళ్ళలు తియ్యి. గవ్వలు వద్దు, అవి ఒక పక్కకే ఒరుగుతాయి. ఒక బిళ్ళ నీది, ఒకటి కోడలమ్మాయిది. మీ ఇద్దరిలోనూ ఆ హిమోగ్లోబిన్ జన్యువు జంటగా ఉంది, ఒకటి మంచిది, ఒకటి చెడింది. బిడ్డకు ఒక్కొక్కరు ఇచ్చేది ఒక్కటే. రెండూ బొరుసు పడితే తలసీమియా. ఒకటే బొరుసైతే మీలాగే క్యారియర్. రెండూ బొమ్మలైతే ఏ గొడవా లేదు. ఎగరెయ్యి. రెండూ బొరుసేనా? మళ్ళీ ఎగరెయ్యి. కిందటిసారి ఏం పడిందో బిళ్ళలకు గుర్తుంటుందట్రా? ప్రతి కాన్పుకూ ఆ నాలుగోవంతు కొత్తగా మొదలవుతుంది. మీలాంటి వంద జంటలకు నలుగురేసి పిల్లలు పుడితే, లెక్క ప్రకారం 32 ఇళ్ళలో ఒక్కరికీ రాదు, 42 ఇళ్ళలో ఒకరికే వస్తుంది, మిగతా 26 ఇళ్ళలో ఇద్దరికో అంతకు మించో.

మెండెల్ బఠాణీలు నీకు గుర్తుండే ఉంటాయి. 253 మొక్కల నుంచి 7,324 గింజలు వచ్చాయి. 5,474 గుండ్రనివి, 1,850 ముడతలవి. అన్నీ ఒకే కుప్ప పోస్తేనే అది దాదాపు మూడుకి ఒకటి. విడిగా చూస్తే, ఒక మొక్కకు గుండ్రనివి 43 కాసి ముడతలవి రెండే కాశాయి. ఇంకో మొక్కకు 14, 15. ఆయన 1866లో అచ్చయిన వ్యాసంలో ఇవి దాచకుండా రాశాడు. మేం క్లాసులో చెప్పేటప్పుడు 3:1 మిగిలింది, ఆ రెండు మొక్కలూ జారిపోయాయి. సంసారం ఒక్క మొక్కరా నాన్నా, తోట కాదు.

"కోడలి వైపు నుంచే వచ్చింది" అని మీ అమ్మ ఇంకోసారి అంటే నా రిపోర్టు చూపించు. నేనూ రక్తం ఇచ్చొచ్చాను. హెచ్‌బీ ఏ2 5.1 శాతం. మామూలుగా 3.5 దాటకూడదు. అంటే నేనూ క్యారియర్‌నే. ఇన్నేళ్ళూ రక్తం తక్కువని నాచేత ఐరన్ బిళ్ళలు మింగించారు గానీ, ఇదేమిటో ఎవరూ చూడలేదు. ఒక్క వైపు నుంచే వస్తే ఈ జబ్బు రాదు. మన ఇంటి వాటా కూడా ఉంది.

రెండోబిడ్డ తన మజ్జ ఇచ్చి అక్కను కాపాడుతుందన్నది మీ ఆశ. కాదనను. కానీ మజ్జ కలవడం వేరే పందెం, దానికీ నాలుగోవంతే అవకాశం. జబ్బు లేకుండా, మజ్జా కలిసే బిడ్డ పుట్టే వీలు పదహారింట మూడు. ఈ అంకె అమ్మాయికి ముందే చెప్పు, తర్వాత ఎవరి నోటనో వినకూడదు.

నెల తప్పాక పరుగులు పెడితే రోజులు చాలవు. ముందు మీ ఇద్దరికీ, బుజ్జిదానికీ జన్యుపరీక్ష చేయించండి. లోపం ఎక్కడుందో ఆ కాగితంలో తేలితే, 10-12 వారాల మధ్య మావి నుంచి రవ్వంత ముక్క తీసి బిడ్డ సంగతి చూడగలరు. ఆ ఫలితం చూశాక ఏం చేస్తారన్నది మీ ఇద్దరి ఇష్టం. అందులో నేనూ, మీ అమ్మా తలదూర్చం.

శుక్రవారం బుజ్జిదానికి రక్తం ఎక్కించే రోజు కదా. గురువారం రాత్రి బండికి వస్తున్నాను. దాని మంచం పక్కన నేను కూర్చుంటాను, మీరిద్దరూ ఆ పూటే వెళ్ళి శాంపిళ్ళు ఇచ్చి రండి.

మీ పెదనాన్న