మూడు కర్రలతో వీపుమోత చట్రం

కొండవాలు చేలల్లోంచి పసుపు, అనాస, వంటచెరకు కిందికి దించే రైతులకు తలమోతతో మెడ, నడుము పట్టేస్తాయి. కావడి మంచిదే గానీ ఇరుకు బాటలో పొదలకు తగులుకుంటుంది. బరువును వీపుకెత్తి, రెండు చేతులూ ఖాళీగా ఉంచే చట్రాన్ని ఇంట్లోనే కట్టుకోవచ్చు.

బొటనవేలికన్నా కాస్త లావున్న ఎండు కర్రలు 3 తీసుకోండి. పచ్చికర్ర వద్దు. ఆరాక కట్లు వదులవుతాయి. రెండు కర్రలు చంక నుంచి వేళ్ల కొస దాకా ఉండాలి. మూడోది మూరకు బెత్తెడు ఎక్కువ. పొడవు కర్రలను పైన కలిపి, కింద అడ్డకర్ర పెట్టి, మూడు చోట్లా చిన్న గాటు పెట్టి తాడుతో బిగించండి. అడ్డకర్ర కొసలు ఇరువైపులా కాస్త బయటికి రావాలి. వీపుకు ఆనేచోట గోనెపట్టా చుట్టండి.

పాత నవారును మధ్యకు మడిచి పైకట్టుకు తగిలించండి. రెండు కొసలనూ భుజాల మీదుగా తెచ్చి, చంకల కిందుగా అడ్డకర్ర కొసలకు కట్టండి. సన్నతాడు వాడితే భుజం కోసుకుపోతుంది.

అసలు కిటుకు ఈ ముడిలోనే ఉంది. బూటులేసు మాదిరి, కొస పట్టి లాగితే విడిపోయేలా వేయండి. వాగు దాటేటప్పుడు కాలు జారితే మూట వదిలించుకోవడానికి అదే దారి. మూటను చట్రానికి పైభాగాన, వీపుకు దగ్గరగా కట్టండి. మొదటిసారి 10 కిలోలు మించొద్దు.